లేడి బొమ్మ పావలా

1994 సెప్టెంబరులో ఖతర్‌లోని రాస్ లఫాన్‌లో మెటీరియల్స్ ఇంజినీరుగా చేరాను. ఓడరేవు కడుతున్న రోజులు. సైటులో పోస్తున్న కాంక్రీటులో కొంత తెచ్చి, అచ్చుల్లో దిమ్మెలుగా పోసి, ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానబెట్టి, తర్వాత యంత్రం కింద పెట్టి పగిలేదాకా నొక్కడం మా ల్యాబ్ పని. ఏళ్ళ తరబడి పగలగొట్టినా ఎవరూ తిట్టని ఉద్యోగం అది.

క్యాంపులో గదులు హోదాను బట్టి ఇచ్చేవారు. కూలీలకు గదికి ఎనిమిది మంది, ఫోర్‌మన్లకు ఇద్దరు, ఇంజినీరుకు విడి గది. పైకి పోయేకొద్దీ మాట్లాడేవాళ్ళు తగ్గుతారన్నమాట. శుక్రవారం సెలవు. పొద్దున బట్టలు ఉతుక్కుంటే పది గంటలకల్లా ఆ వారం అయిపోయేది.

అలాంటి ఒక శుక్రవారం పెట్టెలో మన పావలా ఒకటి కనబడింది, ఖడ్గమృగం బొమ్మది. పక్కన ఖతర్ పావు రియాలు పెట్టి చూశాను. దానిమీద తెరచాప పడవ, ఖర్జూర చెట్లు. అప్పటినుంచి పావలాలు పోగెయ్యడం మొదలుపెట్టాను. పావలాలే, ఇంకేవీ కావు. వ్యసనానికైనా ఒక పద్ధతి ఉండాలి. అమెరికా ఇన్‌స్పెక్టరు గద్దను ఇచ్చాడు. కెనడా ఆయన దుప్పిని ఇచ్చాడు. స్టోర్సులో పనిచేసే ముసలి సూడానీ గుమాస్తా చరిత్ర ఇచ్చాడు. ఆయన చెప్పిన ప్రకారం, ఒకప్పుడు ఖతర్‌లో మన రూపాయలే నడిచేవి. 1966లో ఖతర్, దుబాయ్ కలిసి ఉమ్మడి నాణేలు వేసుకున్నాయి. వాటిమీద లేడి బొమ్మ ఉండేది. 1973లో ఎవరి దారి వారిదై, ఖతర్ నాణెం మీదికి పడవ వచ్చింది. ఆ లేడి పావలా కోసం ఏడాది వెతికాను.

అది నా గదికే నడిచివచ్చింది. అలమరా తలుపు బాగుచేయడానికి లింగయ్య వచ్చాడు. ఆర్మూరు దగ్గరి మనిషి, కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ కార్పెంటర్. మంచం మీద పరిచిన నాణేలు చూసి నవ్వాడు.

"జీతం సాలక చిల్లర ఏరుకుంటున్నరా సార్?"

లేడి గురించి చెప్పాను. మొలతాడుకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి, నల్లగా తారు ముద్దలా ఉన్న బిళ్ళ ఒకటి తీశాడు. అతని అన్న మొదట్లో ఇక్కడికే వచ్చి పనిచేశాడట. ఇరవై ఏళ్ళు నడుముకు కట్టుకుని తిరిగాడట. పోయినప్పుడు దాన్ని విప్పి తమ్ముడికిచ్చారు. అన్నవి ఫోటోలు కూడా లేవు.

"దుబాయ్ పైస సార్ ఇది. మావోల్లకు యాడికి వోయినా దుబాయే."

నాణెం మీద అరబిక్‌లో ఖతర్, దుబాయ్ అని రెండు పేర్లూ ఉంటాయనీ, మీవాళ్ళ మాట సగం నిజమేననీ చెప్పాను. చాలా సంతోషించాడు. తర్వాత ప్రతి శుక్రవారం టీకి వచ్చేవాడు. వారంలో నేను తెలుగు మాట్లాడేది ఆ ఒక్క గంటే. నాలుగో వారం, అచ్చు తీసుకోవడానికి ఆ బిళ్ళను వారం రోజులు ఇమ్మని అడిగాను. "జర పైలం సార్" అని ఇచ్చాడు.

కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే లేడి తేలలేదు, మకిలి తేలింది. మెస్‌లో చింతపండు, ఉప్పు అడిగి తెచ్చి, ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. అరగంటలో కొమ్ములతో సహా లేడి బయటికొచ్చింది. లింగయ్య చూసి మురిసిపోతాడనుకున్నాను. శుక్రవారం దాన్ని సాసరులో పెట్టి అందించాను.

అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది మాది గాదు సార్."

"నీదేనయ్యా. చింతపండుతో తోమాను."

"మాది నల్లగ ఉండె."

"తోమితే తెల్లబడింది!"

"మా అన్నది మాకియ్యుండ్రి సార్. ఇది మీరే వెట్టుకోండ్రి."

ల్యాబుకు తీసుకెళ్ళి త్రాసు మీద పెట్టి చూపించాను. ఆ తూకం అతనికేం చెబుతుందనుకున్నానో ఇప్పటికీ తెలియదు. అతను మాత్రం వెంటనే పట్టుకున్నాడు. "ఒక్క అచ్చుల పోసిన దిమ్మెలన్నీ గంతే తూగుతయి గద సార్."

మా ల్యాబులో ఏ నమూనా వచ్చినా ముందు నంబరు వేసి, తూచి, పగుళ్ళూ మరకలూ రాసుకున్నాకే చెయ్యి వేస్తాం. స్నేహితుడి వస్తువు కదా అని దీనికి ఏదీ చెయ్యలేదు. నా దగ్గర రుజువు లేదు. నల్లటి బిళ్ళ ఇక లోకంలోనే లేదు.

నాణేన్ని త్రాసు మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. తర్వాతి శుక్రవారం రెండు కప్పుల టీ పెట్టాను. రెండూ నేనే తాగాను. బస్సులో కనబడితే "నమస్తే సార్" అనేవాడు, సూపర్‌వైజరుకు పెట్టినట్టు. కొన్నాళ్ళకు అతన్ని దోహాలో మెసైమీర్ సైటుకు మార్చారు. నాణెం పట్టుకుని ఒకసారి అక్కడికి వెళ్ళాను. చెక్క కోస్తూ తల ఎత్తకుండానే అన్నాడు: "లేడి గావాలంటిరి గద సార్. దొరికింది గద."

నాణేలు తెలిసినవాళ్ళెవరూ కడిగిన నాణేన్ని లెక్కలోకి తీసుకోరని తర్వాత చదివాను. ఆ విషయం లింగయ్యకు చదవకుండానే తెలుసు. ఒకరి వస్తువు మీది మకిలి కూడా వాళ్ళదే. దాన్ని తుడిచే ముందు అడగాలి. నేను అచ్చు తీసుకుంటానని మాత్రమే అడిగాను.