అప్పలనాయుడి చూపుడు వేలు

దెయ్యాల్ని నమ్మకపోవడం నా గొప్పేమీ కాదు. తీరిక లేక నమ్మలేదు. పదిహేడేళ్లుగా ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మొదట కెమికల్, తర్వాత బయోమెడికల్. హాస్టల్లో ఏదో తిరుగుతోందని ఆడపిల్లలు గోల చేస్తే, "రాత్రిపూట మెస్సు పప్పు తగ్గించండి, అదే పోతుంది" అని పంపించేసేదాన్ని. మా అత్తగారు దిష్టి తీస్తానంటే ఉప్పు దండగ అనేదాన్ని. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే జరిగినదాంట్లో తప్పు నాదే.

మా కాలేజీ అనకాపల్లి నుంచి సబ్బవరం వెళ్లే దారిలో ఉంటుంది. చెరకు గానుగల దగ్గర చేతులు పోగొట్టుకున్నవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో కనిపిస్తూనే ఉంటారు. వాళ్లకి పనికొచ్చే చెయ్యి తయారు చెయ్యాలన్నది నా ప్రాజెక్టు. బొమ్మ చెయ్యి కాదు. మనిషి అనుకోగానే వేళ్లు ముడుచుకుని, మళ్లీ తెరుచుకోవాలి.

అదెలాగో రెండు ముక్కల్లో చెబుతాను. మన వేళ్లని ముడిచే కండరాలు ఎక్కువ భాగం ముంజేతిలో ఉంటాయి. మణికట్టు దాకా తెగిపోయినా అవి మిగులుతాయి. పిడికిలి బిగించాలని మనిషి అనుకుంటే, లేని చెయ్యి కోసం అవి బిగుసుకుంటాయి. అప్పుడు పుట్టే సన్నటి కరెంటుని చర్మం మీద అంటించిన బిళ్లలతో పట్టుకుని మోటార్లకి అందిస్తాం. కంప్యూటర్లో ఒక్కో వేలికి ఒక్కో గీత కనిపిస్తుంది. కండరం వదులుగా ఉంటే గీత చదునుగా ఉంటుంది, బిగిస్తే ముళ్లకంపలా లేస్తుంది.

అప్పలనాయుడు ఒక సెప్టెంబరులో మా దగ్గరికి వచ్చాడు. చీడికాడ దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుంటాయి. అంతకుముందు జనవరిలో, గానుగలాడే రోజుల్లో, ఇంజను బెల్టులో చొక్కా చెయ్యి చిక్కుకుని కుడి మణికట్టు తెగిపోయింది. మాట తక్కువ మనిషి. ఏం కావాలి నాయుడూ అంటే, "పార పట్టుకోవాలండి. అంతే" అన్నాడు. ఫారంలో భార్య పేరు నూకరత్నం అని చెప్పాడు. పిల్లలు అన్నచోట "నేరండి" అన్నాడు. లేరని నేను రాసుకున్నాను.

మొదటి రోజే తేడా వచ్చింది. నాలుగు వేళ్ల గీతలు బాగానే ఉన్నాయి. చూపుడు వేలి గీత మాత్రం పడుకోదు. ఊరికే కూర్చోమన్నా, కళ్లు మూసుకోమన్నా, కొంచెం బిగిసే ఉంటుంది. బిళ్లలు మార్చాం. వైర్లు మార్చాం. మిషను మార్చాం. అదే మిషను నా చేతికి పెట్టుకుంటే శుభ్రంగా పనిచేసింది. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సుధ వారం రోజులు దాంతోనే కుస్తీ పట్టింది.

చివరికి అతన్నే అడిగాను, అక్కడ నొప్పేమైనా ఉందా అని.

"నొప్పి కాదండి. ఎవులో నా వేలు పట్టుకున్నట్టుంటాదండి."

"ఎవరు?"

"తెల్దండి. సిన్న సెయ్యి."

పోయిన అవయవం ఉన్నట్టే అనిపించడం మాకు కొత్త కాదు. లేని కాలు దురద పెడుతోందనేవాళ్లున్నారు, లేని అరచేతిలో చెమట పడుతోందనేవాళ్లున్నారు. మెదడు చేసే మోసమని అతనికి విడమర్చి చెప్పాను. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "ఎవరైనా పడుచుపిల్లేమో చూసుకో, నూకరత్నానికి తెలిస్తే ఉన్న చెయ్యి కూడా విరగ్గొడుతుంది" అన్నాను. సుధ నవ్వింది. అతను తల దించుకుని చొక్కా గుండీ సర్దుకున్నాడు. ఆ మాట తల్చుకుంటే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

ప్రతి బుధవారం మధ్యాహ్నం వచ్చేవాడు. ప్రతిసారీ ఫైలు దాచేవాళ్లం, తేదీతో సహా. అవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. సంక్రాంతి ముందర ఆ బిగువు చూపుడు వేలితో ఆగక మధ్య వేలికి కూడా పాకింది. "ఇప్పుడు రెండు వేళ్లు పడుతున్నాయండి, గుప్పిట్లో" అన్నాడు. ఫిబ్రవరిలో ఇంకో మార్పు. నిలకడగా ఉండే గీత లేస్తూ పడుతూ వచ్చింది. రెండు మూడు లేపులు, ఆగడం, మళ్లీ రెండు మూడు, ఒక్కసారి పెద్ద కుదుపు, ఆగడం. కండరం అలిసిపోయి అదురుతోందని నోటుబుక్కులో రాశాను.

"లాగుతున్నట్టుందండి కిందకి" అన్నాడు అప్పలనాయుడు. తర్వాత, నాకు కాదు, తనలో తను అనుకున్నట్టు, "నడుత్తంది" అన్నాడు. ముఖంలో నవ్వులాంటిది కనిపించింది. ఆర్నెల్లలో అతను నవ్వగా చూడటం అదే మొదలు. నేనేమీ అడగలేదు. మార్చిలో ప్రాజెక్టు కమిటీ వస్తోంది, నా కంగారు నాది.

ఎందుకంటే మేం చేసిన చెయ్యి అతనికి అమర్చితే మూడు వేళ్లు తెరుచుకుంటున్నాయి, రెండు తెరుచుకోవడం లేదు. పార కర్ర ఆ సందులోకి దూరదు. ఈ పట్టు వదిలిస్తే తప్ప అతనికి చెయ్యి లేదు, నాకు ప్రాజెక్టు లేదు. అద్దంతో ఒక వైద్యం ఉంది. బల్ల మీద అద్దం నిలబెట్టి, మొండిచెయ్యి దాని వెనక్కి పెడతారు. ఎడమచెయ్యి అద్దంలో కుడిచెయ్యిలా కనిపిస్తుంది. అది చూస్తూ ఎడమ వేళ్లు మెల్లగా తెరిస్తే, లేని వేళ్లు కూడా తెరుచుకున్నాయని మెదడు నమ్ముతుంది. అలా పట్టు వదిలినవాళ్లు చాలామంది ఉన్నారు.

అతను ఒప్పుకోలేదు. "అలగే ఉండనీండి, నాకేటీ ఇబ్బంది నేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పార కావాలన్నది నువ్వా నేనా అని గట్టిగానే అడిగాను. ఇంటిదగ్గర నూకరత్నం ఒక్కతే పొలం పని చేస్తోందని గుర్తుచేశాను. అక్కడ మెత్తబడ్డాడు మనిషి. సరేనన్నాడు.

మూడు బుధవారాలు చేశాం. మూడోసారి మధ్యాహ్నం రెండున్నర అయింది. బయట ఎండ పేలిపోతోంది. అద్దంలోకి చూడు, చూపుడు వేలు చాపు, ఇంకా, ఇంకా, వదిలెయ్ నాయుడూ, వదిలెయ్ అంటున్నాను. గీత ఒక్కసారిగా పైకి లేచింది. అంత ఎత్తు అంతకుముందెప్పుడూ లేవలేదు. నాలుగైదు సెకన్లు అలాగే ఉండి, చదునైపోయింది.

సుధ చప్పట్లు కొట్టింది. క్యాంటీన్ నుంచి టీ తెప్పించాను. అతనికి చెయ్యి అమర్చితే అయిదు వేళ్లూ చక్కగా తెరుచుకున్నాయి. అప్పుడు చూశాను అతని ముఖం. ఆ వేళ్ల వైపు కాదు, పక్కన నేల వైపు చూస్తున్నాడు.

"ఒగ్గీసేనండి" అన్నాడు.

మా వైపు ఒగ్గీడం అంటే వదిలెయ్యడం. ఒగ్గీశావు కదా, ఇక పార పట్టుకో అని భుజం తట్టాను. టీ తాగకుండానే బస్సుకి వెళ్లిపోయాడు.

కమిటీ వచ్చింది, మెచ్చుకుంది. ఆ తర్వాత రెండు బుధవారాలు అప్పలనాయుడు రాలేదు. మూడోవారం నూకరత్నమూ, ఆమె అన్న సూరిబాబూ వచ్చారు. నూకరత్నాన్ని చూడటం అదే మొదటిసారి. సన్నగా ఉంది, పాతికేళ్లుండవు. మొగుడు అన్నం ముట్టడం లేదని చెప్పి ఏడ్చింది. చిన్న చెయ్యి తన వేలు పట్టుకునేదని, మేడమ్ చెబితే ఒగ్గీశానని, ఇంట్లో మొదటిసారి నోరు విప్పాడట. అది విన్న దగ్గర్నుంచి సూరిబాబు కూడా మనిషి మనిషిలో లేడంది.

సూరిబాబు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"తెగిన సెయ్యి తువ్వాల్లో సుట్టి ఆసుపత్రికి నానే పట్టుకెల్లేను మేడమ్. అతకదని నా సేతికే ఇచ్చీసేరు. ఇంటికొచ్చేసరికి మా సెల్లికి నొప్పులు. ఎనిమిదో నెల. ఆ బెంగకే వచ్చీసేయి. ఆడగుంట పుట్టింది. ఏడవనేదు."

నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది.

"బావ ఆసుపత్రిలో ఉన్నాడు. తెల్లారి గెడ్డ ఒడ్డుకి రెండూ నానే తీసుకెల్లేను. రెండు గోతులు తవ్వుదామనుకున్నాను. మనసొప్పనేదు మేడమ్. అంత సిన్న ఆడగుంట ఒక్కర్తీ ఎలగుంటాది? అయ్య సెయ్యి తోడుంటాదని ఒకే గోతిలో ఎట్టేను. దాని గుప్పిట్లో వేలెట్టి మూసేను. ఎవులకీ సెప్పనేదు. ఇదిగో దీనికీ సెప్పనేదు."

ఏ వేలు అని అడిగాను. అలాంటి సమయంలో అడగాల్సిన మాట కాదు, కానీ అడిగాను. అతను తన కుడిచేతి చూపుడు వేలు ఎత్తి చూపించాడు.

వాళ్లు వెళ్లాక నాకు తోచిన కారణాలన్నీ రాసుకున్నాను. సూరిబాబు ఎప్పుడైనా తాగి వాగి ఉంటాడు, బావ విని మర్చిపోయి ఉంటాడు. సూరిబాబు తాగడు. పోనీ, బిడ్డని కళ్లారా చూడలేదన్న దిగులు తండ్రి మెదడులో ఇలా కూర్చుని ఉంటుంది. ఉండొచ్చు. అదే నిజమని ఎవరైనా నాకు రుజువు చేస్తే వాళ్ల కాళ్లకి దణ్ణం పెడతాను.

కానీ ఫైళ్లున్నాయి. నెలలు లెక్కపెట్టాను. ఆ పిల్ల బతికి ఉంటే, గుప్పిట రెండు వేళ్లకి సరిపోయేంత ఎదిగేటప్పటికి మధ్య వేలి గీత లేచింది. ఆ పిల్లకి ఏడాది నిండాక కుదుపులు మొదలయ్యాయి. రెండు మూడు లేపులు, ఆగడం, ఒక పెద్ద కుదుపు. తప్పటడుగులు వేసే పిల్ల ఎవరి వేలో పట్టుకుని నడుస్తూ మధ్యలో తూలితే ఎలా ఉంటుందో అలా. మా అన్నయ్య మనవరాలి చేతికి వేలిచ్చి, నా ముంజేతికి బిళ్లలు పెట్టుకుని చూశాను. అచ్చం అదే గీత వచ్చింది. సుధకి చూపించాను. మర్నాడు తను వేరే గైడ్ దగ్గరికి మారిపోతానంది.

ఏప్రిల్‌లో అప్పలనాయుడు ఒక్కడే వచ్చాడు. సూరిబాబు అంతా చెప్పేశాడట. నన్ను తిట్టడానికి వచ్చాడనుకున్నాను, తిడితే బాగుండేది. మేం చేసిన చెయ్యి సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీరుంచీండి. అది మళ్లీ వత్తాదేమో సూడండి" అన్నాడు.

బిళ్లలు నేనే అంటించాను. అద్దం తీసేశాను. వేలు ముడిచి ఉంచు, ఎవరో పట్టుకున్నారనుకో, అని నా నోటితో నేనే చెప్పాను. ముడవమన్నప్పుడు గీత లేచింది, వదలమన్నప్పుడు పడుకుంది. ఆరోగ్యమైన కండరం ఎలా ఉండాలో అలా ఉంది. రెండు గంటలు కూర్చున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. అతను ఏడవలేదు, ఆ గీతనే చూస్తూ కూర్చున్నాడు.

"మేడమ్‌గారూ" అన్నాడు చివరికి. "మీరు సదువుకున్నోరు. దానికి నడక కొత్త కదండీ. నానొగ్గీసినాక అదొక్కర్తీ ఎటెల్లిపోయుంటాదో మీకేటైనా తెలుత్తాదా?"

తెలీదు నాయుడూ అన్నాను. అతను తలూపి, ఎడమచేత్తో బిళ్లలు ఒక్కొక్కటే ఊడదీసి నా ముందు పెట్టి, బస్సు టైమైందని లేచాడు. ఇప్పటికీ నాకు తెలీదు.