పట్టాల్లేని ఊరికి స్టేషన్ మాస్టరు

దుబాయ్ పక్కన సజ్జా అనే చోటు దాటి ఇసుకలోకి పోతే, కనుచూపు మేర చెట్టన్నది లేని చదును నేల మీద కంపెనీవాడు చెక్క క్యాబిన్లు ఒకదాని వెనక ఒకటి పేర్చి, దానికి క్యాంపు అని పేరు పెట్టాడు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చినవాళ్లకు అది మధ్యలో ఆగిపోయిన గూడ్సు బండిలా కనిపించింది. అందుకని క్యాబిన్లను డబ్బాలన్నారు. పొగ వచ్చేది అక్కడే కాబట్టి కొసనున్న వంటశాలను ఇంజనన్నారు. కంపెనీ బస్సు ఆగే రేకుల షెడ్డు స్టేషనయింది. అప్పటికి ఆ దేశంలో రైలు లేదు, పట్టా లేదు. స్టేషన్ మాస్టరు మాత్రం ఉన్నాడు. ఆయన పేరు పోచన్న.

ఆ పదవిలో ఆయనను ఎవరూ నియమించలేదు. దుబాయ్ రాకముందు జానకంపేట దగ్గర కొన్నాళ్లు రైలు కట్ట మీద కంకర మోశాడు. ఆ కొన్నాళ్లే సముద్రం దాటేసరికి పెరిగి పెద్దవై రైల్వే ఉద్యోగమయ్యాయి. పగలంతా మేస్త్రీలకు ఇటుకలందించే మనిషే, పొద్దున మాత్రం మెడలో విజిల్, చేతిలో ఎర్ర తువ్వాలతో షెడ్డు ముందు నిలబడేవాడు. డ్రైవరు నన్నే సాహెబ్ ఆ విజిల్‌ను ఒక్కనాడూ లెక్కచేయలేదు. తన బుద్ధి పుట్టినప్పుడు పోనిచ్చేవాడు. బస్సు కదిలాక పోచన్న విజిల్ ఊది, తానే పంపినట్టు తల పంకించి, ఆ తర్వాత పరుగెత్తి తానూ ఎక్కేవాడు.

శుక్రవారం స్టేషన్ కళకళలాడేది. బడే సాహెబ్ అక్కడే కుర్చీ వేసి క్షవరాలు చేసేవాడు. ఊరి నుంచి వచ్చిన క్యాసెట్లను టేపురికార్డులో పెట్టి అందరూ అందరి పెళ్లాల మాటలూ వినేవారు. క్యాంపులో టేపురికార్డు ఒక్కటే ఉండటం వల్ల కాపురాలు కూడా ఉమ్మడిగానే సాగాయి. పోచన్న భార్య బాలవ్వ పంపిన క్యాసెట్టూ అట్లాగే అందరూ విన్నారు. “చలికి బీడీలు చుట్టవోతె వేళ్లు కొంకర్లు వోతున్నయి. వచ్చేటప్పుడు పులిబొమ్మ దుప్పటి తే. ఇంకేమొద్దు,” అంది బాలవ్వ. పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

పోచన్న స్టేషన్‌కు ఒక రూలు కూడా పెట్టాడు. సెలవు మీద ఇంటికి పోయేవాడు డబ్బాకో మూట మోసుకుపోవాలి, కాదనకూడదు. షెడ్డు దూలానికి వేలాడే కాటా కట్టించాడు. విమానంవాళ్లు ఒప్పుకునే బరువును ముల్లు దాటితే పోయేవాడి సామానే తీయాలి తప్ప ఊరివాళ్ల మూటల జోలికి పోకూడదు. రెండేళ్ల కిందట సెలవు మీద ఇంటికి పోతూ, క్యాంపులోని లచ్చన్న తన కొడుక్కని మూడు చక్రాల సైకిలు కొన్నాడు. ముల్లు దాటింది. “ఊరోళ్ల సామాను మోయనోడు ఊరోడెట్లయితడు తమ్మీ?” అని పోచన్న ఆ సైకిలు తీసి పక్కన పెట్టించాడు. లచ్చన్న ఊరివాళ్ల సబ్బులూ సెంటు సీసాలూ మోసుకుని, కొడుకు ముందు ఉత్త చేతులతో నిలబడి వచ్చాడు. ఆ తర్వాత ఆ మాటెత్తలేదు. డబ్బా వెనక తుప్పు పడుతున్న సైకిలును అప్పుడప్పుడు గుడ్డతో తుడిచేవాడు, అంతే. స్టేషన్ మాస్టరుగారు ఆ దారిన నడవడం మానుకున్నారు.

ఇప్పుడు పోచన్న వంతొచ్చింది. ఆగస్టు నెల. ఇసుక మీద కాలు పెడితే కాలిపోయే మధ్యాహ్నం. మూటలన్నీ వచ్చాయి. ఊరివాళ్లు రూలును ఇంత శ్రద్ధగా పాటిస్తారని ఆయన ఊహించలేదు. మాస్టరే ప్రయాణికుడు కాబట్టి కాటా లచ్చన్న పట్టుకున్నాడు.

“అన్నా, ముల్లు దాటింది. దుప్పటి తీయాలె.”

“జర సూడు తమ్మీ. మీ వదినె ఒక్కటే అడిగింది.”

“నా కొడుకు గూడ ఒక్కటే అడిగిండు.”

ఒక్క మూట వెనక్కిస్తే సరిపోయేది. కానీ అంతమంది ముందు ఎవరి మూట తీయాలి? ఏ మొహం పెట్టుకుని ఇవ్వాలి? పోచన్నకు ఏడుపొచ్చింది. పెళ్లాం దుప్పటి కోసం కాదు, ఆనాటి సైకిలు గుర్తొచ్చి సిగ్గుతో వచ్చింది. కళ్లు తుడుచుకుని దుప్పటి విప్పాడు. పులిబొమ్మ వీపు మీదికి వచ్చేలా ఒంటికి చుట్టుకుని, ఎర్ర తువ్వాలతో నడుము దగ్గర బిగించాడు.

“ఒంటి మీదిది సామాను లెక్కల రాదు,” అన్నాడు.

క్యాంపంతా పడీ పడీ నవ్వింది. బస్సులో నన్నే సాహెబ్ ఎగాదిగా చూసి, జ్వరమొచ్చిందనుకుని, “క్యా భాయ్, బుఖార్ హై?” అన్నాడు. “హా భాయ్, బుఖార్,” అన్నాడు పోచన్న, చెమటలు కారిపోతుండగా. విమానంలో విప్పలేదు. బొంబాయిలో రైలెక్కాక దొంగల భయానికి అసలే విప్పలేదు. నిజమైన రైల్లో, నిజమైన స్టేషన్లన్నీ దాటుకుంటూ, మాస్టరుగారు ఉడికిపోతూ ఇల్లు చేరారు.

పోచన్న సెలవైపోయి తిరిగొచ్చిన కొన్నాళ్లకు ఇంకో డబ్బాలోని వెంకట్రాములు ఇంటికి బయలుదేరాడు. మూటలు కాటా కింద చేరాయి. పోచన్న వాటిని కాలితో పక్కకు జరిపాడు.

“ముందుగాల నీ ఇంటిది తూకమెయ్యి. జాగ మిగిలితె మాది.”

లచ్చన్న వదల్లేదు. “ఏందన్నా, రూలు మారె? వదినె దుప్పటి సూసి తిట్టిందా?”

“చెమట కంపు గొడుతుందని తిట్టింది. ఉతికిస్తనంటె మల్ల ఉతకనియ్యలె.”

“ఎందుకట?”

పోచన్న విజిల్‌ను చొక్కాతో తుడుచుకుంటూ చెప్పాడు.

“‘నువ్వెట్లయిన వోతవు. నీ వాసనన్న ఉండనీ’ అన్నది.”