పసుపు బొట్టు పెట్టిన ఫ్లాపీలు

మొన్న మా అక్క కూతురు నా ఫోనుకు ఒక జిప్ ఫైలు పంపింది. వాళ్లమ్మ పాత సీడీలు సర్దుతుంటే ఒకదాంట్లో దొరికిందట. వేలు ఆనించానో లేదో తెరుచుకుంది. ఏ డిస్కూ పెట్టమని అడగలేదు, ఎందుకు తెరుస్తున్నావని నిలదీయలేదు. నాకైతే కొంచెం చిన్నతనంగానే అనిపించింది. ఒకప్పుడు ఈ మూట విప్పడానికి ఇంట్లోంచి ముగ్గురం బస్సెక్కి నార్కట్‌పల్లి పోయాం, అందులో ఒకరు అన్నం కూడా మానేశారు. లోపల ఉన్నది గళ్ల కాగితం మీద గీసిన చీర నమూనా. కింద మేనకోడలి ప్రశ్న: "మామా, ఈ మూలన పసుపు చుక్క ఏంది? డిజైనా, మరకా?" ఒక్క మాటలో జవాబు చెప్పే ప్రశ్న కాదది.

మాది కట్టంగూర్ దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్లో నేత ఇల్లు. తాత చిటికీ చీరల నమూనాలు గీసేవాడు. నేయకముందే నూలును అక్కడక్కడ రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగెక్కదు. ఆ కట్టే చిటికీ. ఎక్కడ కట్టాలో గళ్ల కాగితం చూసి తెలుసుకుంటారు. తాత చీరంతా ఎన్నడూ గీయలేదు. ఒక మూల గీసి కలం పక్కన పెట్టేవాడు, మిగతాదంతా ఆ మూలే మళ్లీ మళ్లీ వస్తుంది గదా అని. దసరాకు మగ్గానికీ కత్తెరకూ బొట్లు పెట్టే మా అవ్వ, ఈ కాగితాలనూ వదిలేది కాదు. "కాయితం ఖరాబైతదే" అని తాత గొణిగితే, ఆ గొణుగుడుకు ఇంకో చుక్క ఎక్కువ పెట్టేది. చూపు మందగించాక కూడా తాత ఒక నమూనా గీశాడు. అది మగ్గమెక్కకముందే ఆయన పోయాడు.

తాత తర్వాత ఆయన పెద్దకొడుకు, మా బాపు, మగ్గం మీదనే ఉన్నాడు. చిన్నాయిన మాత్రం నార్కట్‌పల్లి చౌరస్తాలో, పంక్చర్ల దుకాణం పైన గది కిరాయికి తీసుకుని కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. కింద లారీ టైరు గాలి కొడితే పైన మానిటర్ వణికేది. తొంభైల చివరి రోజులవి. అక్క హైదరాబాదులో కంప్యూటర్ చదువు చదువుతోంది. ఒక ఎండాకాలం తాత కాగితాలు తీసుకుపోయి, వాళ్ల కాలేజీ ల్యాబులో స్కాన్ చేయించి, ఆ బొమ్మలన్నిటినీ నొక్కి చిన్నవి చేసి, ఒక్క మూటగా కట్టి, మూడు ఫ్లాపీల్లో ఎక్కించుకుంది. కాగితాలు తెచ్చి ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టింది. ఆ వానాకాలం ఇల్లు కురిసి పెట్టె నిండా నీళ్లు నిలిచాయి. కాగితాలు అంబలయ్యాయి. ఇక తాత చేతిపని మిగిలింది ఆ ఫ్లాపీల్లోనే. తాత ఆఖరి నమూనాను అక్క పెళ్లి చీరగా నేస్తానని బాపు అప్పటికే మాటిచ్చి ఉన్నాడు.

దసరాకు అక్క ఫ్లాపీలు తెచ్చి అవ్వకు చూపించింది. "తాత కాయితాలన్నీ గిండ్లనే ఉన్నయవ్వా" అన్న మాట చాలింది. అవ్వ మూడింటినీ మగ్గం పక్కన పెట్టి, తడి పసుపు ధారాళంగా పూసి, పైన కుంకుమ దిద్దింది. అక్క నవ్వి, మర్నాడు హైదరాబాదు బస్సెక్కింది.

ఆ వారంలోనే బాపు, అవ్వ, నేను పెళ్లి చీర నమూనా తీయించడానికి ఫ్లాపీలు పట్టుకుని చిన్నాయిన సెంటరుకు పోయాం. మొదటిది పెట్టగానే మిషను కాసేపు గరగరలాడి, ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, చేయమంటారా అని అడిగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. చిన్నాయిన ఫ్లాపీ తీసి చూశాడు. పసుపు ఎండి పెచ్చులు కట్టింది.

"అమ్మా, ఏం పని జేసినవే! నీ పసుపు లోపలికి పోయింది. అంత ఖతం."

అవ్వ ముఖం చిన్నబోయింది. పొద్దున అన్నం తిని బయల్దేరమంటే వచ్చాక తింటానన్న మనిషి, ఇప్పుడు బాపు చాయ్ తెప్పిస్తే కూడా ముట్టలేదు. భర్త కష్టమంతా తన చేత్తోనే పాడుచేశానన్న దిగులు ఆమెది. చిన్నాయినకూ కోపం తగ్గి జాలి మొదలైంది. సెంటరులో ఫ్లాపీలకు ఎప్పుడూ కరువే. ఖాళీవే గదా, ఫార్మాట్ కొట్టి పిల్లలకు పనికొచ్చేట్టు చేద్దామని మౌసు మీద చెయ్యి వేశాడు.

"ఫార్మాట్ అంటే ఏందిరా?" అంది అవ్వ.

"మొత్తం తుడిచి కొత్తగ జేసుడు."

"ఆగు." అవ్వ కుర్చీలోంచి లేచింది. "చిటికీ కట్టినోళ్లను అడగకుంట మన ఇండ్ల ఎవలన్న విప్పుతరా? కట్టింది పిల్ల. దాన్ని అడుగు."

అది మా ఇంటి కట్టుబాటే. ఎవరు కట్టిన నూలు వాళ్లే విప్పాలి, లేకపోతే రంగుల వరస తప్పుతుంది. బాపు కూడా "అడుగు, పోయేదేముంది" అన్నాడు. అందరం మెట్లు దిగి ఎస్టీడీ బూతులో నిలబడ్డాం. హాస్టలు వాళ్లు అక్కను పిలుచుకొచ్చేదాకా అవ్వ కొంగు నలుపుతూనే ఉంది.

"చిన్నాయినా, నొక్కకు! అది ఏమడిగినా అవును అనకు!" అక్క అరుపు బూతు బయటికి కూడా వినిపించింది. తర్వాత మెల్లగా చెప్పింది. ల్యాబులో ఉన్నది యూనిక్స్ మిషను. దాని పద్ధతిలో మూటగట్టింది కాబట్టి చిన్నాయిన విండోస్ మిషనుకు అది అంతుపట్టదు. తనకు అర్థం కానిదంతా ఖాళీ అనుకుంటుందట. ఇటువంటి మనుషులు నాకూ కొందరు తెలుసు.

అవ్వ ఫోను లాక్కుంది. "బిడ్డా, నా పసుపు తోటి కాలేదా?"

"కాలేదవ్వా. తప్పు నాది. అన్ని మిషన్లు ఒక్కతీరే ఉంటయనుకున్న."

అవ్వ ఫోను పెట్టేసి, ఎదురుగా మిర్చీ బజ్జీల బండి వైపు చూసి, "ఆకలైతాంది" అంది. ఆ రోజు ఆమె బజ్జీలు తిన్న తీరు చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఫ్లాపీలు హైదరాబాదు మోసింది నేను. అక్క వాటిని డ్రైవులో పెట్టేముందు చేతిరుమాలుతో పసుపంతా గీకి గీకి తుడిచింది, "అవ్వకు జెప్పకు" అంటూ. మూట విప్పి, వేరే గదిలో ఉన్న డాస్ మిషను మీద అవే బొమ్మలను జిప్ చేసి కొత్త ఫ్లాపీలకు ఎక్కించింది. వాటిని తెచ్చి పెడితే చిన్నాయిన మిషను ఆఖరి ఫ్లాపీ ముందు ఇమ్మంది. లోపల ఏమేమున్నాయో ఆ చివరే రాసి ఉంటుందని అక్క ముందే చెప్పింది కాబట్టి బతికిపోయాం, లేకపోతే చిన్నాయిన మళ్లీ ఎవరి మీద పడేవాడో.

తెర మీద తాత ఆఖరి నమూనా గడి గడిగా దిగింది. దాని మూలన పసుపు మరక, అందులో బొటనవేలి గీతలు. ఏ దసరా నాడో అవ్వ అంటించిన బొట్టు కాగితంతో పాటే స్కానైంది.

"గా మరక తీసేస్త, ఒక్క నిమిషం" అన్నాడు చిన్నాయిన.

"ఉండనీ," అన్నాడు బాపు. "గడుల లెక్కల కలుపుకుంట."

కలుపుకున్నాడు. మరక పడ్డ చోట ఒక్క గడి పసుపు రంగులో వచ్చేట్టు చిటికీ కట్టాడు. తాత గీసింది మూలే గదా, మూలన ఉన్నది చీరంతా వస్తుంది. అక్క పెళ్లి పీటల మీద కూర్చుంటే కుచ్చిళ్ల నుంచి కొంగుదాకా అవ్వ వేలిముద్రలే. అవ్వ దగ్గరికి పోయి ఒక చుక్క తడిమి చూసి, "మీ తాత గిది గీయలేదే?" అంది. ఆ చుక్క మీద బొటనవేలు ఆనించింది. అప్పుడు తనకే అర్థమైంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేనకోడలికి నిన్న జవాబు రాశాను: "మరకనే బిడ్డా. మీ తాత, మా బాపు, దాన్ని నేసిండు." అవ్వ పోయి చాలా ఏళ్లయింది, ఆ ఫ్లాపీలు పెట్టే మిషను కూడా ఇప్పుడు ఎక్కడా లేదు. కాలం అన్నిటినీ తుడిచేస్తుందంటారు గానీ, మా అవ్వ పసుపు దగ్గర మాత్రం దాని ఆటలు సాగలేదు.