కవరు కింద బండి

అమ్మకం బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. బండి అమ్ముతాడు. బండ్లు అందరూ అమ్ముతారు, అదేం జబ్బు అనకండి. బాబాయి పదకొండేళ్ళుగా ఒకే బండిని అమ్ముతున్నాడు. ఆ బండి ఇంకా ఆయన ఇంట్లోనే ఉంది.

నెలకోసారి 'పాత బండ్ల పంచాయితీ' అనే ఆన్‌లైన్ గ్రూపులో ఆయన ప్రకటన పడుతుంది. "పాత బండి అమ్మబడును. ఒకే చేతి మీద నడిచినది. మనసు పడ్డవారు ఆదివారం పొద్దున రావలెను. మీ బండి మీదే రావలెను." పదకొండేళ్ళలో అందులో అక్షరం మారలేదు.

ఆ గ్రూపులో వాళ్ళందరిదీ ఒకటే మోడల్. కంపెనీ దాన్ని మానేసి పాతికేళ్ళు దాటింది. స్పేర్ పార్టులు దొరకవు, దొరికినవి దొంగవి. అయినా ఎవరూ బండిని వదలరు. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద బండి ఆపి ఒకరు ఫొటో పెడితే మూడువందల మంది మురిసిపోతారు. సాయంత్రానికి ఆ మూడువందల మందే ఆ ఫొటో కింద అద్దం వంకరగా ఉందని పోట్లాడుకుంటారు. ఏ ఆయిల్ పోయాలి అని ఆరేళ్ళ కిందట ఒకాయన అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబులు వస్తున్నాయి. అడిగినాయన ఈలోగా బండి తీసేసి కారు కొనుక్కున్నాడు. గొడవ మాత్రం ఆగలేదు.

ఇలాంటివాళ్ళు బండి అమ్మకానికి ఉందంటే ఆగుతారా? పరుగెత్తుకుంటూ వెళ్ళేవాళ్ళు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే తిరిగొచ్చేవాళ్ళు.

ఒక బ్యాంకు క్యాషియర్ వెళ్ళి, "మైలేజీ ఎంతిస్తుందండీ?" అన్నాడు. "మైలేజీ కావాలంటే బస్సెక్కు నాయనా" అన్నాడు బాబాయి. ఒక ఫొటోగ్రాఫర్ తెల్లచొక్కాతో వెళ్ళాడు. "పాత బండి కోసం తెల్లచొక్కా వేసుకొచ్చావంటే నీకు పాత బండంటే ఏంటో తెలీదు" అని పంపేశాడు. ఒక నర్సులో ఏ వంకా దొరకలేదు. అరగంట వెతికి చివరికి, "మీరు మరీ మంచివాళ్ళమ్మా, ఇది మిమ్మల్ని ఏడిపిస్తుంది" అని చేతులెత్తేశాడు.

అలా ముప్ఫైఏడు ఫిర్యాదులు పోగయ్యాయి. అవన్నీ వెళ్ళి చేరింది రూల్సక్క దగ్గర.

రూల్సక్క ఆ గ్రూపుకి అడ్మిన్. ఒక కంటి ఆసుపత్రిలో రికార్డుల గది ఆమెది. ఏ కాగితం అడిగినా రెండు నిమిషాల్లో తీసి చేతిలో పెడుతుంది. ఒక ఫైలు చోటు మారితే ఆ రోజు ఆమెకు అన్నం సహించదు. గ్రూపుకున్న ఇరవైఒక్క రూల్సూ ఆమె రాసినవే. అసలు పేరు ఎవరికీ తెలియదు, ఫొటో ఎవరూ చూడలేదు, తిట్లు మాత్రం అందరూ తిన్నారు.

ఏడో రూలు ఇదీ: లేని బండిని అమ్మకానికి పెట్టినవాళ్ళను గ్రూపులోంచి శాశ్వతంగా తీసేయాలి. బాబాయి దగ్గర అసలు బండే లేదేమోనని ఆమెకు అనుమానం. ఆదివారం సాయంత్రం ఆరింటికి తీర్పు చెబుతానని గ్రూపులో ప్రకటించేసింది. ప్రకటించాక మనసు నిలవలేదు. కళ్ళతో చూడని విషయం మీద ఆమె ఏనాడూ సంతకం పెట్టి ఎరగదు. అందుకని ఆ ఆదివారం పొద్దున కొనడానికి వచ్చినట్టు తనే బయలుదేరింది.

ఆమె బండి వాళ్ళ అన్నయ్యది. దానికి ఈమధ్య ఓ రోగం పట్టుకుంది. దారిలో రెండుసార్లు ఆగిపోయింది. ఆగినప్పుడల్లా రోడ్డు పక్కన నిలబడి, చల్లారేదాకా వాచీ చూసుకుంటూ అటూ ఇటూ తిరిగింది. వెళ్ళేవాళ్ళందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది. ఈ నెలాఖరుకి దీన్ని పాత ఇనుముకి వేసేయాలని నిశ్చయించుకుంది కూడా.

బాబాయిది కుట్టుమిషన్లు బాగుచేసే పని. కింద షాపు, పైన ఇల్లు, పక్కన చిన్న గ్యారేజీ. మనిషికి కాలు ఒకచోట నిలవదు. మాట మొదలుపెట్టేది గుమ్మంలో, పూర్తి చేసేది గ్యారేజీలో. ఏం చెప్పాడో తెలియాలంటే వెంటపడి తిరగాల్సిందే.

"బండి చూడ్డానికి వచ్చాను" అంది రూల్సక్క.

"చూద్దాం, చూద్దాం. దార్లో ఎన్నిసార్లు ఆగింది?"

"ఏంటి?"

"మీ బండే. రెండుసార్లా, మూడుసార్లా?"

రూల్సక్కకు ఒళ్ళు మండింది. "నేనొచ్చింది మీ బండి కోసమండీ."

"అదే, అదే. వేడెక్కితే ఆగుతుంది, పావుగంట ఊరుకుంటే మళ్ళీ స్టార్టవుతుంది. అంతేనా?"

"అంతే" అంది, అనకూడదనుకుంటూనే. "ముగ్గురికి చూపించాను. ఒకాయన ప్లగ్గు మార్చాడు. ఒకాయన కార్బురేటర్ కడిగాడు. మూడో ఆయన బండే మార్చేయమన్నాడు."

బాబాయి అప్పటికే బండి స్టార్ట్ చేసేశాడు. ఇంజన్ నడుస్తుంటే తనూ దాని చుట్టూ తిరుగుతున్నాడు. పది నిమిషాలకు టప్‌మని ఆగిపోయింది. బాబాయి మొహం వెలిగిపోయింది. గబగబా బకెట్లో గుడ్డ ముంచి, పెట్రోల్ ట్యాంకు కింద, ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ మీద కప్పాడు. చుయ్‌మంది. కాసేపాగి ఒక్క కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది.

"కాయిలమ్మా! వేడెక్కితే దీని ప్రాణం పోతోంది. ప్లగ్గు మారిస్తే ఏమొస్తుంది, కార్బురేటర్ కడిగితే ఏమొస్తుంది!"

"ఈ కాయిల్ ఎక్కడా దొరకదండీ. నేను రెండేళ్ళు వెతికాను."

"దొరకదు, దొరకదు" అంటూ ఆయన గ్యారేజీలోకి దూరాడు.

గ్యారేజీ మధ్యలో నీలం కవరు కప్పుకుని బండి నిలబడి ఉంది. చూడాల్సింది అదే కదా అని రూల్సక్క వెనకాలే అడుగేసింది. అంతలో బాబాయి భార్య కాఫీ గ్లాసుతో తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఎవరూ ఆ అడ్డు దాటలేరు, అలా నిలబడింది.

"కూర్చోమ్మా. ఆయనొచ్చేస్తారు."

"బండి చూద్దామనీ..."

"చూద్దువుగానిలే. ముందు కాఫీ తాగు, చల్లారిపోతుంది. ఏంటో తల్లీ, ఈయన ఆదివారం కోసమే బతుకుతారు. ఆ గ్రూపువాళ్ళెవరో తీసేస్తామంటున్నారట. తీసేస్తే ఈ మనిషిని ఇంట్లో పట్టుకోవడం నా వల్ల కాదు. గురువారం నుంచీ సరిగ్గా తినట్లేదు."

రూల్సక్క తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. లోపల స్పానర్ చప్పుడు వినిపిస్తోంది.

బాబాయి చేతిగుడ్డలో చుట్టిన కాయిల్‌తో బయటికొచ్చాడు. "ఎక్కడో డబ్బాలో పడి ఉంది" అంటూ బిగించేశాడు. దాని మీద ఒక మూల చిన్న గులాబీ రంగు చుక్క ఉంది.

"ఇహ మీ బండికేం లోటు? వెళ్ళిరండి."

"మరి మీ బండి?"

"బాగున్న బండి ఉన్నవాళ్ళకు నేను అమ్మను."

"ఆ సంగతి ప్రకటనలో రాయలేదే!"

"రాస్తే ఎవరొస్తారమ్మా?" అని ఆయన షాపులోకి వెళ్ళిపోయాడు.

రూల్సక్క మండిపడుతూ బయలుదేరింది. నాలుగు వీధులు దాటేసరికి ఆ మంట ఎటు పోయిందో పోయింది. బండి ఆగలేదు. ఎక్కడా ఆగలేదు. ఇంటి మలుపు వచ్చినా తిరగకుండా నేరుగా పోయింది. ఊరి చివర మిల్లులు దాటి, వంతెన దాటి, అన్నయ్య వెనక కూర్చుని తిరిగిన రోడ్డంతా తిరిగింది. హెల్మెట్ లోపల తనలో తనే నవ్వుకుంటూ పాడుకుంది కూడా. ఈ ముక్క ఆమె ఎవరికీ చెప్పలేదు, నేను చెబుతున్నాను.

ఇంటికొచ్చాక రూల్సు గుర్తొచ్చాయి. ఫిర్యాదు చేసిన ముప్ఫైఏడు మందినీ ఒకటే ప్రశ్న అడిగింది. "కవరు తీసి బండి చూపించాడా?" మధ్యాహ్నానికి ఇరవైతొమ్మిది జవాబులు వచ్చాయి. ఒక్కరూ చూడలేదు. ఇంకేం కావాలి? తీసేస్తున్నట్టు టైపు చేయడం మొదలుపెట్టింది.

కానీ రికార్డుల గది అలవాటు ఊరుకోనివ్వదు. తెరిచిన ఫైలు చివరి కాగితం దాకా చదవాలి. చదివింది. నర్సు జవాబు కింద ఇంకో వాక్యం ఉంది. "బండి చూపించలేదుగానీ, నా కిక్ రాడ్ మార్చి పంపాడు. అప్పట్నుంచి ఇబ్బంది లేదు." పక్కన ఫొటో. కిక్ రాడ్ మీద గులాబీ చుక్క. క్యాషియర్ హెడ్‌లైట్ మీద గులాబీ చుక్క. ఫొటోగ్రాఫర్ సైలెన్సర్ మీద గులాబీ చుక్క.

రూల్సక్క లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. పదకొండేళ్ళ ఫొటోలన్నీ తిరగేసింది. ఒక కాగితం మీద రాసుకుంటూ పోయింది. హెడ్‌లైట్, చెయిన్, ముందు చక్రం, వెనక చక్రం, కార్బురేటర్, హ్యాండిల్, సీటు... రాయడం అయ్యేసరికి కాగితం మీద ఒక పూర్తి బండి తయారైంది. చివర కాయిల్ అని రాసి పెన్ను కింద పెట్టింది. టైము అయిదు కావస్తోంది. తాళం తీసుకుని పరుగెత్తింది.

ఈసారి గుమ్మంలో ఎవరి మాటా వినలేదు. నేరుగా గ్యారేజీలోకి వెళ్ళి నీలం కవరు పట్టుకుని లాగేసింది.

కింద ఒక ఫ్రేము ఉంది. దాని మీద పెట్రోల్ ట్యాంకు. హ్యాండిల్ ఉండాల్సిన చోట చీపురు కర్ర అడ్డంగా కట్టి ఉంది. సీటు చోట పూల గలీబు తొడిగిన దిండు. చక్రాల బదులు అటు రెండు, ఇటు రెండు పాత కుట్టుమిషన్ స్టాండ్లు.

బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆయన కాళ్ళు కదల్లేదు.

"ఇదేనా మీరు అమ్ముతున్న బండి?"

"ఎవరికీ చెప్పకండమ్మా. తెలిస్తే ఒక్కడూ పార్టు తీసుకోడు. మొహమాటపడతారు."

"ఆ చుక్కలు?"

"నా నెయిల్ పాలిష్!" అంది లోపల్నుంచి ఆయన భార్య. "నావి నాకు తెలియాలి కదా అని ప్రతి పార్టుకీ పెట్టుకున్నారు. పెట్టుకుని, అన్నీ పంచిపెట్టారు. గులాబీ రంగు ఒక్క సీసా అయినా నా గోళ్ళ దాకా రాలేదు."

"మరి బాగుచేస్తానని నేరుగా చెప్పొచ్చు కదండీ! ఈ అమ్మకం నాటకం దేనికి?"

"చెప్పాను" అన్నాడు బాబాయి. ఇప్పుడు కాళ్ళు మళ్ళీ కదిలాయి, ఫ్రేము చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. "గ్రూపులో చేరిన కొత్తలో పెట్టాను. పాత బండ్లు ఉచితంగా బాగుచేయబడును అని. పది నిమిషాల్లో తీసిపారేశారు. వ్యాపార ప్రకటన, నాలుగో రూలట. అప్పుడు ఆలోచించాను. ఇంకో బండి కొందామని ఎవడొస్తాడు? ఉన్న బండితో విసిగిపోయినవాడే వస్తాడు. దాని మీదే రమ్మంటే సరిపోతుంది కదా!"

రూల్సక్క తల దించుకుంది. ఆ నాలుగో రూలు ఎవరు రాశారో, ఆ ప్రకటన ఎవరు తీసిపారేశారో ఆమెకు బాగా తెలుసు.

"బాబాయిగారూ, నేను..."

"తెలుసులేమ్మా. రూల్సక్కవి."

"ఎలా తెలుసు?"

"పొద్దున రాగానే తెలిసింది. ఆ గ్రూపు మొత్తంలో నంబర్ ప్లేటు మీద అక్షరాలు కొలిచి రాయించుకునేది ఇంకెవరు?"

"తెలిసి కూడా కాయిల్ ఇచ్చారా? సాయంత్రం మిమ్మల్ని తీసేసేది నేనేనని తెలిసీ?"

"తీసేస్తే తీసేస్తారు. బండి దారి పొడుగునా ఆగిపోతుంటే చూస్తూ కూర్చోమంటారా?" బాబాయి నిజంగానే విసుక్కున్నాడు. "పైగా ట్యాంకు కాకుండా అందులో మిగిలింది అదొక్కటే. దాచుకుని ఏం చేసుకోను, చీపురు కర్రకి తగిలించుకోనా?"

ఆరు గంటలకు గ్రూపులో తీర్పు పడింది. "విచారణ జరిపాను. బండి ఉంది. కళ్ళారా చూశాను. ముప్ఫైఏడు ఫిర్యాదులూ కొట్టివేశాను." ఉందా, ఎలా ఉంది, ఫొటో పెట్టండి అని అయిదు నిమిషాల్లో నలభైమంది ఎగబడ్డారు. రూల్సక్క ఆ చర్చకు తాళం వేసేసింది.

మరుసటి నెల ప్రకటన మామూలుగానే పడింది. ఒక కొత్త సభ్యుడు కింద రాశాడు. "మాది రెండు గంటల దారి. బయలుదేరి రావాలంటే, నా బండికి గేరు సరిగ్గా పడట్లేదు. ఇంతకీ ఆ బండి కండిషన్ ఎలా ఉంటుంది? ఎవరైనా చూశారా?"

రూల్సక్క వెంటనే జవాబిచ్చింది. "నేను చూశాను. చాలా బాగుంది. మీ బండి మీదే వెళ్ళండి."

ఆ ఆదివారం ఆ కొత్తాయన కంటే గంట ముందే ఆమె బాబాయి ఇంటికి చేరింది. వెనక సీటుకి ఒక గోనెసంచి కట్టి ఉంది. అందులో అన్నయ్య ఎప్పుడో దాచిన పాత గేర్లు, క్లచ్ ప్లేట్లు ఉన్నాయి. అవి బాబాయికిచ్చి, కొత్త నెయిల్ పాలిష్ సీసా పిన్ని చేతిలో పెట్టింది. తర్వాత గ్యారేజీలోకి వెళ్ళి కవరు ఎత్తి చూసింది.

"ఏం బాబాయిగారూ! దిండు పక్కకి జారిపోయింది, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అని కసురుకుని, దాన్ని తాడుతో గట్టిగా బిగించి కట్టింది.