పైవాటా పెద్దమ్మ చేసిన గుడ్డు ముక్క

మూడు వారాల కిందట మంగళవారం పొద్దున ఆఫీసుకు తయారవుతుంటే ఫోన్ మోగింది. "మీ పెద్దమ్మ లేదు బిడ్డా," అన్నారు పెద్దనాన్న. చాయ్ పెట్టుకుంటూ వంటింట్లోనే కూలబడిపోయిందట. దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది.

ఆమె నాకు చుట్టం కాదు. మేం హైదరాబాదు బోరబండలో కిందివాటాలో అద్దెకున్నప్పుడు పైవాటాలో ఆ భార్యాభర్తలిద్దరే ఉండేవారు. ఆమె సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మాది కాకినాడ వైపు. కొత్తలో నేను మాటకోసారి "అండీ" అంటుంటే, "అండీ గిండీ ఏంది, పెద్దమ్మా అను" అంది. అప్పటినుంచి పెద్దమ్మే.

నాలుగేళ్ల కిందట కడుపుతో ఉండగా ఆరో నెలలో నాకు షుగర్ కనబడింది. వేళకి తినాలి, అన్నం తగ్గించి గుడ్లు, కూరలు పెంచాలన్నారు డాక్టరమ్మ. నేనేమో పొద్దున్నే రైలెక్కి హైటెక్ సిటీలో దిగడం, ఒక మీటింగులోంచి ఇంకో మీటింగులోకి పరిగెత్తడం. ఒకరోజు స్టేషన్ మెట్ల మీదే కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. మా ఆయన చెప్పినట్టున్నారు, సాయంత్రం పెద్దమ్మ కిందికి దిగొచ్చింది.

"ఆఫీసుల ఏం తింటున్నవ్?"

"కుదిరితే ఏదో ఒకటి, పెద్దమ్మా. కలుపుకుని తినేంత టైముండదు."

"డ్యూటీల నాకూ ఉండకపోయేది. నిలబడి, ఒక్క చేత్తోని తినేది కావాలె నీకు."

అప్పుడే నేను ఫోన్‌లో చూసి దాచుకున్న వీడియో చూపించాను. ఫ్రిటాటా. గుడ్లు గిలక్కొట్టి, కూరగాయ ముక్కలు కలిపి, ఓవెన్‌లో పెట్టి, ముక్కలుగా కోస్తారు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది. "పేరేందో గని, మందంగ పోసిన ఆమ్లెట్టే గదనే ఇది!"

"మనకు ఓవెన్ లేదు కదా పెద్దమ్మా."

"పెనం లేదా?"

మొదటిసారి చేసింది చెడింది. పాలకూర నీరు వదిలి నడుమ పచ్చిగా ఉండిపోయింది. మర్నాడు పాలకూరని ముందే వేయించి, చల్లార్చి, గుప్పిట్లో పెట్టి పిండింది. షుగర్ కదాని నాలుగే నాలుగు ఉడికిన ఆలుగడ్డ ముక్కలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఆరు గుడ్లు, రెండు చెంచాల పాలు. మందపాటి పెనంలో పోసి, మూత పెట్టి, సన్నటి మంట మీద మగ్గనిచ్చింది. పైన గట్టిపడ్డాక పళ్లెం బోర్లించి ఒక్క ఊపులో తిరగేసింది. ఆ మణికట్టు తిప్పిన తీరు నాకు ఇప్పటికీ రాలేదు. నేను ఆత్రంగా కత్తి తీస్తే చేయి పట్టుకుని ఆపింది. "జర ఆగు. వేడి మీద కోస్తే ఇడిపోతది. వేడివేడిగ డబ్బాల పెట్టినా చెమట పట్టి నానుతది. ఆఫీసుకు పోంగనే ఫ్రిజ్‌ల పెట్టు."

రోజూ రెండు ముక్కలు. రోజూ తిన్నాననుకోకండి. ఒకరోజు డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాను. కడగడానికని తీసుకుని మూత తీసింది పెద్దమ్మ. కేకలేస్తుందనుకున్నాను.

"కోపమెవరి మీద బిడ్డా? నా మీదనా, లోపలున్న పిల్ల మీదనా?"

నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చోబెట్టుకుంది. "తిండి ఉండాల్సింది డబ్బాల కాదు, కడుపుల. ఆకలికి నీ మీటింగులు తెల్వయి," అంది. మర్నాటి నుంచి పదకొండింటికి ఫోన్ చేసేది. "తిన్నవా?" అనేది. "తింటున్నా" అంటే పెట్టేసేది. నా పక్క సీటు వాళ్లకు కూడా ఆ ఫోన్ అలవాటైపోయింది. ప్రసవమయ్యాక పాపని మొదట చేతుల్లోకి తీసుకున్నది మా అమ్మ. రెండోది పెద్దమ్మే.

పాపకి రెండో ఏడు నిండాక నిజాంపేటలో ఫ్లాట్ కొనుక్కుని వెళ్లిపోయాం. వస్తూ పోతూ ఉంటామన్నాను. మొదట నెలకోసారి వెళ్లాం, తర్వాత పండక్కి, తర్వాత ఫోన్లే. చనిపోవడానికి కొన్నాళ్ల ముందు పెద్దమ్మ ఫోన్ చేసింది. మీటింగులో ఉండి కట్ చేశాను. మళ్లీ చేద్దామనుకుని మరిచిపోయాను. అడగబోయింది "తిన్నవా" అనే అయ్యుంటుంది. మరొకటేమైనా ఉందేమో, నాకిక తెలీదు. ఇప్పుడు పదకొండైతే చేతిలో పనాపి ఫోన్ వైపు చూస్తున్నాను.

దినాలయ్యాక వచ్చిన ఆదివారం నేనే ఆ గుడ్డు ముక్కలు చేసి బోరబండ పట్టుకెళ్లాను. అంచు కొంచెం మాడింది. పెద్దనాన్నకి చూపు సరిగా ఆనదు. పళ్లెం చేతికిస్తే వేళ్లతో తడిమి, ముక్కని రెండు చేసి, ఒక సగం నెమ్మదిగా తిన్నారు.

"అది కూడా తినండి పెద్దనాన్నా."

ఆయన లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లారు. వెనకే వెళ్లాను. మిగిలిన సగాన్ని చిన్న స్టీలు గిన్నెలో పెట్టి, పైన మూత వేసి, పొయ్యి పక్కన ఉంచారు.

"మీ పెద్దమ్మకు..." అనబోయి ఆగిపోయారు.

మూత మీద చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డారు.