పదమూడో ఉత్తరం

చిన్నాయన పోయాడని మొన్న శుక్రవారం కువైట్‌లో, ఫర్వానియాలోని మా గదికి ఉత్తరం వచ్చింది. మా గదిలోనే ఉండే ఓబులేసు చెల్లెలు రాసింది. పని మానేసి ఊరు చేరిన ఆయన, రాయచోటి దగ్గర తన ఇంట్లోనే, నిద్రలో పోయాడట. ఆ ఉత్తరం మాకు అందేసరికి పద్దెనిమిది రోజులైంది. ఆ పద్దెనిమిది రోజులూ ఆయన బతికే ఉన్నాడనుకుని ఆయన వంట మీద జోకులు వేసుకుంటూనే ఉన్నాం. పాఠకులు క్షమించాలి. చిన్నాయన ఎటూ క్షమిస్తాడు, ఆయనకది అలవాటే.

ఆయన మాకెవరికీ చుట్టం కాడు. సులైబియా గోడౌన్ల దగ్గర లారీ తోలేవాడు. ఆరుగురున్న గదిలో వయసులో పెద్దవాడు గనక అందరికీ చిన్నాయన. నేనేమో బి.కాం. చదివి, కువైట్ సిటీలో ఒక ఆఫీసులో టైపు కొడుతూ, మా గదికి ఆస్థాన లేఖకుడిగా వెలుగుతున్నవాణ్ణి. రాయడం రాని నలుగురి క్షేమ సమాచారాలు నా చేతి మీదుగానే సముద్రం దాటేవి.

ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్న రోజులవి. ఇరాక్ వైపు ఏదైనా పేలితే మా కిటికీ అద్దాలు గలగలమనేవి. మా పనులు ఆగలేదు గానీ, ఊళ్లో రేడియో వినేవాళ్ల లెక్కలో కువైట్ ఎప్పుడో బూడిదైపోయింది. వెనక వేసిన ఉత్తరాలు ముందు చేరేవి, కొన్ని అసలు చేరేవే కావు. అందుకని చిన్నాయన ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి ఉత్తరం మూలనా నంబరు వెయ్యాలి. ఇంట్లోవాళ్లు వరుస చూసుకుని, ఏది రాలేదో తెలుసుకుంటారు.

ఆయనకింకో పద్ధతి కూడా ఉండేది. ఊరి నుంచి వచ్చిన ఉత్తరాన్ని అన్నం తిన్నాకే విప్పాలి. "మంచి కబురైతే యాడికీ పోదు. చెడ్డదైతే ఖాళీ కడుపుతో మొయ్యలేం" అనేవాడు.

ఒక శుక్రవారం ఓబులేసుకు ఉత్తరం వచ్చింది. చిన్నాయన దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి అన్నం వడ్డించాడు. ఆ రోజు ఎందుకో అందరం రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాం. చేతులు కడుక్కున్నాక నేను గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను.

"అన్నా, పన్నెండో ఉత్తరం వచ్చింది, పద్నాలుగోది వచ్చింది. పదమూడోది రాలేదు. నీకేమో అయిందని అందులో రాసుంటే, మేము దాన్ని దాచిపెట్టామని అమ్మ అంటోంది. గంజి నీళ్ల మీదే ఉంది. మంచం దిగడం లేదు. నువ్వు బతికే ఉన్నావని చెప్పినా నమ్మదు. ఉత్తరాలు రాసేది నువ్వు కాదు కదా, ఆ చదువుకున్నాయన ఎవరి పేరుతోనైనా రాస్తాడంటోంది."



"పదమూడు యాడికి పోయిందిరా?" అన్నాడు చిన్నాయన.

పదమూడు ఎక్కడికీ పోలేదు. అది పుట్టనే లేదు. ఆ అంకె మంచిది కాదని కాలేజీలో ఇంగ్లీషు పుస్తకాల నుంచి సంపాదించిన విజ్ఞానంతో, ఓబులేసు కుటుంబ శ్రేయస్సు కోరి, నేనే దాన్ని దాటేశాను. అదే చెప్పాను.

"మా ఊర్లో పదమూడంటే పన్నెండు తర్వాత వచ్చేదే కదప్పా," అన్నాడు ఓబులేసు. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

చిన్నాయన తిట్టాడు. "నీ చదువు నీకాడే పెట్టుకో. ఈడ అంకె పోతే ఊర్లో మనిషి పోయినట్టే."

మర్నాడు టెలిగ్రాం ఇచ్చాం. కానీ ఓబులేసు క్షేమమని ఎవరైనా కొట్టించవచ్చు. ఆ ఊళ్లో ఫోను లేదు. ఇక మిగిలింది గొంతు. టేప్ రికార్డర్ మధ్యలో పెట్టి వాణ్ణి ముందు కూర్చోబెట్టాం. "అమ్మా" అన్నాడు, అంతే. టేపు తిరుగుతూనే ఉంది.

చిన్నాయన ముందుకు జరిగాడు. "రేయ్, మీయమ్మ చేసే సంగటి బాగుంటాదా, నేను వండే అన్నమా?"

"నువ్వు వండేదానితో గోడలకు పూత పెట్టుకోవచ్చు చిన్నాయనా," అన్నాడు ఓబులేసు ముక్కు ఎగబీలుస్తూ. అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వులోనే వాడికి మాట వచ్చింది. "అమ్మా, నేను ఉండాను. నువ్వు తిను."

ఇరవై రోజులు పట్టే పోస్టులో ఆ టేపు వెయ్యడానికి చిన్నాయన ఒప్పుకోలేదు. "అంతవరకూ ఆ తల్లి ఉండొద్దా?" అని తనను పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరికి సెలవు అడగడానికి వెళ్లాడు. రెండు నెలల తర్వాత కూతురి కాన్పుకని దాచుకున్న సెలవు అది.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"ఇప్పుడు పోతే మళ్లా రెండేళ్ల దాకా సెలవు ఖలాస్ అన్నాడు. పోనీలే. పుట్టేవాడు నాకోసం ఆగుతాడా?"

ఆయన విమానం ఎక్కాక పది రోజులు ఏ కబురూ లేదు. కిటికీ గలగలమన్నప్పుడల్లా ఓబులేసు లేచి నిలబడేవాడు. నేను జోకులు మానేశాను. గదికి అదే పెద్ద అపశకునంగా తోచింది.

చిన్నాయన తన మనవణ్ణి మొదటిసారి చూసేనాటికి వాడికి నడక వచ్చేసింది. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా నాతో అనలేదు. ఆ సెలవు నుంచి తిరిగొచ్చాక ఓబులేసు వాళ్లింట్లో ఏం జరిగిందో కూడా "తినింది లేరా" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. మిగతాది ఓబులేసు చెల్లెలు అప్పట్లో రాసిన ఉత్తరంలో చదివాను.

కడప బస్సు దిగి చిన్నాయన తన ఇంటికి వెళ్లకుండా నేరుగా అక్కడికే వచ్చాడట. వెంట తెచ్చిన టేప్ రికార్డర్‌లో టేపు పెట్టాడట. "అమ్మా" అన్న మాటకు ఆమె కదల్లేదు. గోడల పూత దగ్గర అందరూ నవ్వేసరికి మంచం మీద లేచి కూర్చుని, కంచం తెమ్మంది. రెండు ముద్దలు తినేలోగా టేపు అయిపోయింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. చిన్నాయన టేపు వెనక్కి తిప్పాడు. మళ్లీ అయిపోయింది, మళ్లీ తిప్పాడు. కంచం ఖాళీ అయ్యేదాకా, భుజం మీద సంచి కూడా దించకుండా, మీట మీద వేలు పెట్టుకుని ఆ మంచం పక్కన అలాగే గొంతుక్కూర్చున్నాడట.