పక్క చేనుకి ఎన్ని గంటలు?

మా కాలవ లస్కరు గారు పోయారని మొన్న పాలు పోసే ఆవిడ చెప్పింది. గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వంతుల వారీగా చేలకు నీళ్ళు వదలడం ఆయన ఉద్యోగం. నాకు మాత్రం మనిషి మనసు ఎంత చిత్రమైనదో చూపించిన మేష్టారు.

పదేళ్ళ కిందట ఓ దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలవ నీళ్ళు బాగా తగ్గిపోయాయి. మా వరి చేను పొట్ట మీదుంది, కంకి ఇంకా బయటపడలేదు. ఆ వారం తడి అందకపోతే గింజంతా తాలే. నేను అన్నం క్యారేజీ పట్టుకెళ్ళేసరికి తూము దగ్గర మా నాన్నగారూ, ఎగువ చేను రైతు గారూ పారలు పట్టుకుని అరుచుకుంటున్నారు. ఒక్కొక్కరికీ తొమ్మిదేసి గంటల నీళ్ళు కావాలిట!

లస్కరు గారు సైకిలు స్టాండు వేసి, తీరిగ్గా చుట్ట ఆర్పారు. "ముందు చెప్పులిప్పండి. మీరు ఆయన చేలోకెళ్ళండి, ఆయన మీ చేలోకొస్తారు. చూసొచ్చాక మాట్లాడుకుందాం."

"ఇదేం చోద్యమండీ!" అని గింజుకుంటూనే వెళ్ళారు నాన్నగారు.

తిరిగొచ్చాక లస్కరు గారు అడిగింది ఒక్కటే. "రేపు పగలు మీ ఇద్దరికీ కలిపి పన్నెండు గంటలే నీళ్ళొస్తాయి. మీ చేను సంగతి చెప్పొద్దు. పక్క చేనుకి ఎన్ని గంటలు కావాలో చెప్పండి."

ఎగువ రైతు గారు గొంతు సవరించుకున్నారు. "వారి చేను బీటలిచ్చేసిందండి. ఏడు గంటలైనా పెట్టాలి."

"ఏడెందుకండీ? ఆయనదీ ఎండిపోయింది. ఆయన్నీ ఆరు పెట్టుకోమనండి, మాకు ఆరు చాలు" అన్నారు నాన్నగారు. ఈయన మా నాన్నగారేనా అనిపించింది!

"ఇప్పుడు కొట్టుకోండి, చూస్తాను" అని నవ్వారు లస్కరు గారు.

తర్వాత ఉండబట్టలేక అడిగాను, ఎవరైనా కావాలని తక్కువ చెబితేనో అని.

"నాకూ ప్రతిసారీ భయమేనమ్మాయిగారూ. కానీ తన చేను సంగతడిగితే దెబ్బలాడేవాడు, పక్కోడి చేను సంగతడిగితే పెద్దమనిషైపోతాడు. ఎందుకంటారూ?"

తర్వాత ఎప్పుడు కనిపించినా "జవాబు దొరికిందా?" అనేవారు. నాకింకా దొరకలేదు. ఇక చెప్పినా వినడానికి ఆయన లేరు, అదే బాధ.

ఈ దాళ్వాకీ నీళ్ళు తక్కువే. చేను మళ్ళీ పొట్ట మీదుంది. వంతు ఎవరు తేలుస్తారని నాన్నగారికి ఒకటే బెంగ. నిన్న పొద్దున్న ఆయనతో పాటు నేనూ చేనుకెళ్ళాను. ఎగువ రైతు గారు చెప్పులు చేత్తో పట్టుకుని మా చేలో నడుస్తున్నారు. ఎవరూ పిలవలేదు.

నాన్నగారు గట్టు మీదే వంగి చెప్పులు విప్పుకున్నారు.